పైకి అదే, లోపల కొత్తది

పారిత్ బుంతార్,
ఫిబ్రవరి 24.

ఆ పూయ్, నా బొద్దు తల్లీ,

అమ్మని రాస్తున్నా. నువ్వెళ్ళి నాలుగు నెలలు దాటి పదకొండు రోజులు. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, నీ మోటారు సైకిలు కూడా. వారానికోసారి స్టార్టు చేసి ఆపుతున్నాను. ఎక్కడం రాదు కదా, చప్పుడు వింటాను.

సంగతేమిటంటే, చెంగ్ బెంగ్ సమాధుల పండక్కి నీకు ఆ పల్చటి ల్యాప్‌టాప్ పంపిస్తున్నాను. నువ్వూ నేనూ ఏడాది పాటు దెబ్బలాడుకున్నామే, అదే. తైపింగ్‌లో, కాల్చి మీ లోకానికి పంపేందుకు కాగితంతో ఇళ్ళూ కార్లూ చేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు, ఆయనకి రాశాను. చెవుడట, ఫోను ఎత్తడట, ఏదున్నా ఉత్తరమేనట. షాపు ముందు ఒక కాగితం కారు పెట్టాడు. కారు బాగానే ఉంది. లోపల కూర్చోబెట్టిన డ్రైవరు బొమ్మకి ముక్కు వంకర.

నువ్వు చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. పాతది రెండు కేజీల పైన, ఇది తొమ్మిది వందల ఎనభై గ్రాములు. ఊరూరూ తిరిగి వార్తలు పట్టుకొచ్చేదానివి, ఆ బరువుకి నీ కుడి భుజం ఎడమదానికన్నా కిందకి దిగింది. కానీ కొత్తదాంట్లో కెమెరా కార్డు దూర్చే సందు తీసేశారని నువ్వే గునిశావు. మీటలు మరీ పల్చన, అప్పడం మీద వేళ్ళాడించినట్టుందన్నావు. ఆ తర్వాత ఒకరోజు పరుగున వచ్చి, "అమ్మా, దాన్నే మళ్ళీ కొత్తగా చేసి వదిలారే! పైకి అదే, లోపల కొత్తది! బ్యాటరీ పొద్దుట పెడితే సాయంత్రం దాకా!" అన్నావు.

నేనేమన్నాను? "పైకి అదే అయితే కనపడని కొత్తదనం ఎవరిక్కావాలే, వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నాను.

వచ్చే ఏడాది వచ్చింది ఆ పూయ్.

ఈసారి తప్పు చేయను. ఏది కావాలో సరిగ్గా అదే పంపుతా.

మీ అమ్మ.

తా.క.: అక్కడ కరెంటు సంగతి ఏమిటి? కలలోకైనా వచ్చి చెప్పొచ్చుగా. ఛార్జరు కూడా చేయించాలా?


తైపింగ్,
ఫిబ్రవరి 28.

ఖూ గైక్ సిమ్ గారికి, యో తెంగ్ కోక్ రాయునది.

మీ ఉత్తరం చేరింది. కాకపోతే అది నాది కాదు. కవరు మీద నా పేరే ఉంది. లోపల మాత్రం "నా బొద్దు తల్లీ" అని ఉంది. నాకు డెబ్బై ఒకటో ఏడు. బరువు నలభై తొమ్మిది కేజీలు. నన్నెవరూ ఇంతవరకు ఆ మాట అనలేదు.

మీరు రెండు ఉత్తరాలు రాసి కవర్లు తారుమారు చేశారు. మొదట్లో నాకు అర్థం కాలేదు, అర్థమయ్యేసరికి మొత్తం చదివేశాను. మన్నించండి. మీ అమ్మాయి ఉత్తరం దీనితో పాటు తిప్పి పంపుతున్నాను. నాకు రాసింది మీ దగ్గరే ఉంటే పంపండి. ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలో, కొలతలేమిటో దాంట్లో ఉండి ఉంటాయి.

ఇట్లు,
యో తెంగ్ కోక్ (నలభై తొమ్మిది కేజీలు)

తా.క.: డ్రైవరు ముక్కు వంకర కాదు. అతను పక్కకి చూస్తున్నాడు.


పారిత్ బుంతార్,
మార్చి 3.

కోక్ అన్నగారికి నమస్కారాలు.

సిగ్గుతో చచ్చిపోయాను. బజార్లో పొద్దున్నే నేనమ్మే కుయె పిండివంటలు ఆవిరికి పెట్టి, పక్కన కూర్చుని రెండు కవర్లూ అంటించాను. మూడో తరగతి చదువు, కళ్ళజోడు ఇంట్లో. మీకు రాసిన ఉత్తరం పౌర్ణమినాడు కాల్చేశాను. అంటే అది మా అమ్మాయికి చేరిపోయింది. "మూత వెడల్పు ఒక జాన, రెండు వేళ్ళు" అని తల్లి ఉత్తరంలో ఉంటే దానికేం అర్థమవుతుంది చెప్పండి? పైగా చివర్లో "తొందరగా జవాబివ్వగలరు" అని రాశాను.

మళ్ళీ రాస్తున్నాను. కంపెనీ వాళ్ళ రంగుల కాగితం జత చేశాను. ఇందులో ఉన్నదే కావాలి. మళ్ళీ కొత్తగా చేసి వదిలినది, అంతకుముందుది కాదు. మూత తెరుచుకోవాలి. ఛార్జరు ఉండాలి. మీటలన్నీ ఉండాలి, అది వార్తలు రాసే పిల్ల, ఒక్క అక్షరం లేకపోయినా ఊరుకోదు.

ఏప్రిల్ 5కి అందకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. "వచ్చే ఏడాది" అనే మాట దానితో ఇంకోసారి అనలేను అన్నా.

మీ చెల్లెలులాంటి,
గైక్ సిమ్.

తా.క.: పక్కకి చూస్తూ కారు నడిపితే ఎలాగండీ? అందులో పెద్దవాళ్ళు ఎక్కుతారు కదా.


తైపింగ్,
మార్చి 7.

గైక్ సిమ్ గారికి,

మంచి వార్త. మీకు ఆగే పనే లేదు. పోయినేడు ఒక పెద్దాయన పిల్లలు అచ్చం ఈ ల్యాప్‌టాప్‌నే చేయించారు. తీరా "మా నాన్నకి ఇది వాడటం రాదు, గోల్ఫ్ కర్రలు చాలు" అన్నారు. అది అలాగే అటక మీద ఉంది. మీరు పంపిన రంగుల కాగితం పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. పైకి అదే అని మీరే రాశారుగా. దుమ్ము దులిపి పంపిస్తాను.

లోపల కొత్తది అంటారా, నా దగ్గర అన్నిటి లోపలా ఒకటే. పాత వార్తాపత్రికలు, పిండి జిగురు. బంగళా అయినా, విమానమైనా అంతే.

ఇంకో మాట, ఇది యాభై ఏళ్ళ అనుభవంతో చెప్తున్నా. ఇంత పల్చటివి నాకు నచ్చవు. వెదురు బద్ద లేనిదాన్ని నిప్పులో వేస్తే గాలికి ఎగిరి పక్క సమాధి మీద పడుతుంది. సగం కాలింది సగమే చేరుతుంది. రెండంగుళాల మందాన వెదురు చట్రం కట్టి చేస్తే నిదానంగా, పూర్తిగా కాలుతుంది. తేలిగ్గా ఉండటం కావాలా, క్షేమంగా చేరటం కావాలా, ఆలోచించుకోండి.

ఇట్లు,
యో తెంగ్ కోక్.

తా.క.: ఛార్జరు చేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఫోన్లు పంపుతున్నాను. పాపం, వాళ్ళంతా అక్కడ ఏం చేస్తున్నారో!


పారిత్ బుంతార్,
మార్చి 10.

కోక్ అన్నగారికి,

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, ముందే చెప్తున్నాను.

అటక మీది వద్దు. పైకి అదే కదా అనే మాట అది బతికుండగా నేనన్నాను. మీరు కూడా అదే అంటే ఎలా? తేడా లోపలే ఉందని అది మొత్తుకుంది. నేను వినలేదు. మీకు చెవుడు కాబట్టి సరిపోయింది, నాకేమొచ్చింది?

లోపల వార్తాపత్రికలని రాశారు. ఏ పత్రికలు? ఎవరు రాసినవి? ఊరూ పేరూ లేని వార్తలు దాని ల్యాప్‌టాప్‌లో ఎందుకు? బస్సులో ఒక బిస్కట్ల డబ్బా పంపుతున్నాను. ఆరేళ్ళ పాటు అది రాసిన ప్రతి వార్తా కత్తిరించి దాచాను. నేను అన్నీ చదవలేదు, కూడబలుక్కుని చదివేసరికి కుయె మాడిపోతాయి. కింద దాని పేరు చూసి కత్తిరించేదాన్ని. పాత పత్రికలకి బదులు లోపల ఇవి పెట్టండి. అప్పుడు లోపల కొత్తది అవుతుంది.

తేలిక కూడా కావాలి. క్షేమంగా చేరటం కూడా కావాలి. కెమెరా కార్డు సందు కూడా కావాలి.

గైక్ సిమ్.

తా.క.: కోపం వచ్చిందన్నాను గానీ, డబ్బాలో పైన అరిటాకు పొట్లంలో వేరుసెనగ కుయె పెట్టాను. వాటిని జిగురుతో అంటించకండి.


తైపింగ్,
మార్చి 19.

చెల్లెమ్మా,

ఆలస్యానికి కారణాలు రెండు. ఒకటి, తైపింగ్‌లో తొమ్మిది రోజులుగా వాన, జిగురు ఆరటం లేదు. రెండు, మీ డబ్బా. ఒక్కో ముక్క అంటించేముందు చదవకుండా ఉండలేకపోయాను. బ్యాంకులో దూరిన గేదె సంగతి రెండుసార్లు చదివాను. ముగ్గురు పిల్లలకి నలుగురు టీచర్లున్న ఎస్టేటు బడి సంగతి మా వీధి వాళ్ళకి చదివి వినిపించాను. పక్కింటి కోడిపుంజు మీద ఫిర్యాదు చేసినాయన చివరికి దాన్నే పెంచుకున్నాడట కదా!

మొత్తం రెండు వందల పద్నాలుగు ముక్కలు. అన్నీ పెట్టాను. అయ్యాక చూస్తే అది ల్యాప్‌టాప్‌లా లేదు, మాంసం కొట్టే చెక్క మొద్దులా ఉంది. తూచాను. రెండు కేజీల మూడు వందలు. మీ అమ్మాయి మోసిన పాతదానికేమీ తీసిపోదు. చెల్లెమ్మా, మీరు ఆ పిల్లకి భుజం నొప్పి మళ్ళీ పార్శిల్ చేస్తున్నారు.

ఏదో ఒకటి ఎంచుకోవాలి. అన్నీ ఉన్న బరువుదా, కొంచెమే ఉన్న తేలికదా? కంపెనీ వాళ్ళకీ ఇదే తలనొప్పి అయ్యుంటుంది. వాళ్ళని కూడా ఇక తిట్టను.

సందు సంగతి. అసలుదాంట్లో లేదు కాబట్టి పెడితే నకలు తప్పవుతుంది. పెట్టకపోతే పిల్లకి ఇబ్బంది. రోజంతా ఆలోచించి పెట్టాను. కంపెనీ దగ్గర లేనిది నా దగ్గరొకటుంది, కత్తెర.

పేరు చీటీ జత చేశాను. అందుకునేవారు, పంపేవారు అని రెండు గళ్ళున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని మరీ నింపండి. ముద్దుపేరు వద్దు, అసలు పేరు రాయండి. ఆ పూయ్ అని రాస్తే, అక్కడ బొద్దుగా ఉన్నవాళ్ళందరూ చెయ్యెత్తుతారు.

అన్న,
తెంగ్ కోక్.

తా.క.: కుయె తిన్నాను. మా ఆవిడ పోయాక కాఫీలో ముంచిన బిస్కట్టే నాకు భోజనం. అంచేత ఎక్కువ తిన్నానో తక్కువ తిన్నానో లెక్క తెలియలేదు.


పారిత్ బుంతార్,
మార్చి 23.

కోక్ అన్నకి,

రెండు రోజులు ఆలోచించాను. మొద్దు వద్దు. అన్నీ ఇచ్చేస్తే దానికి బరువు, నాకు డబ్బా ఖాళీ. మిగతావి జాగ్రత్తగా ఊడదీసి తిప్పి పంపండి. జిగురంటుకున్నా పరవాలేదు.

ఒక్కటి మాత్రం లోపల ఉంచండి. అన్నిట్లోకీ చిన్నది, మూడు లైన్లది. బజారు కాలవ మీద మూత లేదని రాసింది. అది దాని మొదటి వార్త, పేరు కూడా వేయలేదు. ఆ కాలవలో పడ్డ కాలు నాది. కుంటుకుంటూ ఇంటికొస్తే, "ఉండమ్మా, వీళ్ళ సంగతి చూస్తాను" అని అప్పటికప్పుడు కూర్చుని రాసింది. వారంలో మూత వేశారు. ఇప్పటికీ దాని మీద కాలు పెట్టకుండా దాటుతాను, అరిగిపోతుందేమోనని.

చీటీ నింపి ఇందులో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకున్నాను.

గైక్ సిమ్.

తా.క.: కాఫీలో బిస్కట్టు భోజనమేమిటన్నా, మీరేమన్నా చంటిపిల్లాడా? పల్చటి అట్టులో కూర పెట్టి పోపియా ఎలా చుట్టాలో మీ వీధిలో ఎవరికీ రాదా?


పారిత్ బుంతార్,
ఏప్రిల్ 6.

కోక్ అన్నకి,

పార్శిల్ సమయానికే అందింది. అంత అందంగా ఉంటుందనుకోలేదు. అంచు చుట్టూ గడ్డిపోచంత వెదురు బద్ద పెట్టారు చూడండి, తేలిక కూడా పోలేదు. వేలితో నొక్కితే మీటలు కొంచెం లోపలికి కూడా వెళ్ళాయి. ఇది చూస్తే కంపెనీ వాళ్ళు సిగ్గుపడాలి.

నిన్న కొండమీద దాని సమాధికి నేనూ, మా తమ్ముడూ, వాడి కూతురు ఆ ఎంగూ వెళ్ళాం. నేను తల్లిని కాబట్టి బిడ్డకి మొక్కకూడదన్నారు. సరే, మొక్కలేదు. పోపియాలు చుడుతూ కూర్చున్నాను. కోడి, కాల్చిన పంది మాంసం, దానికిష్టమైన పంచదార లేని చల్లటి కాఫీ, అన్నీ పెట్టాం. తిన్నదో లేదో నాణేలు వేసి అడగాలి కదా. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే తిన్నట్టు. అప్పటిదాకా ఏదీ కాల్చకూడదు.

ఆ ఎంగ్ వేసింది, ఆ పూయ్‌ని అసలు పేరుతో పిలుస్తూ. "స్వీ ఫైక్ అక్కా, తిన్నావా?" రెండూ బొమ్మే. కాసేపాగి మళ్ళీ వేసింది. రెండూ బొరుసే. ఏడుసార్లు, అన్నా! చుట్టుపక్కల సమాధుల వాళ్ళంతా కాల్చుకుని, తుడుచుకుని వెళ్ళిపోయారు.

మా తమ్ముడు, "బతికుండగా నిలబడే రెండు నిమిషాల్లో నూడుల్స్ మింగేసేది. ఇప్పుడేంటి పెళ్ళివిందులా ఇంతసేపు?" అన్నాడు.

"ఏదో తక్కువ పెట్టినట్టున్నావక్కా."

"అన్నీ పెట్టానురా. ల్యాప్‌టాప్‌కి ఛార్జరు కూడా పెట్టాను."

అప్పుడు ఆ ఎంగ్ నా వైపు చూసి, "అత్తా, నువ్వు తిన్నావా?" అంది.

"నాకెందుకే, పొద్దుటి నుంచి ఆకలే లేదు."

"అక్క ఎప్పుడైనా నువ్వు కూర్చోకుండా తిన్నదా?"

నిజమే అన్నా. కంచం ఒళ్ళో పెట్టుకుని "అమ్మా, రావే, చల్లారిపోతోంది" అని అరుస్తూ ఉండేది గానీ, నేనొచ్చి కూర్చునేదాకా ముట్టేది కాదు. సమాధి గట్టు మీద కూర్చుని రెండు పోపియాలు తిన్నాను. రెండోదాంట్లో ఉప్పెక్కువైంది. ఎందుకో చెప్పను.

తిన్నాక ఆ ఎంగ్ నాణేలు వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

మీరు భయపడ్డట్టే గాలి లేచింది. మా తమ్ముడు చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టాడు. నిప్పంటుకోగానే మూత దానంతటదే తెరుచుకుంది. మీటలు ఒక్కొక్కటీ వెలిగాయి. ఎక్కడికీ ఎగరలేదు, పూర్తిగా కాలింది. "అందిందా?" అంటే మొదటిసారికే అందిందని పడింది.

బరువు దిగిందన్నా. దాని భుజానిదో, నాదో.

చెల్లెలు,
గైక్ సిమ్.

తా.క.: ఆ డ్రైవరు బొమ్మ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అతను పక్కకే చూస్తున్నాడు.


తైపింగ్,
ఏప్రిల్ 9.

చెల్లెమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

పేరు చీటీలో సగం పార్శిల్ మీద అంటిస్తాను, సగం నా పుస్తకంలో ఉంటుంది. నిన్న పుస్తకం సర్దుతుంటే మీది కనపడింది. అందుకునేవారు: ఖూ గైక్ సిమ్. పంపేవారు: ఓంగ్ స్వీ ఫైక్.

తిరగేసి నింపారమ్మా! నేనూ చూడకుండా అంటించేశాను. ఆ కాలవ మూత వార్త నాలుగోసారి చదువుతూ ఉండిపోయాను, అదీ కారణం. యాభై ఏళ్ళలో ఇలాంటి తప్పు జరగలేదు. బతికున్న మనిషి పేరున అక్కడికి సామాను పంపేశాం. గుడికెళ్ళి పెద్దాయనని అడిగాను. భయం లేదు, చీటీ మీద ప్రాణాలు పోవు అన్నాడు. కానీ పిల్లకి చేరిందా లేదా అంటే తల గోక్కున్నాడు.

ఇంకోటి చేస్తాను, డబ్బు తీసుకోను. ఈసారి చీటీ నేనే నింపుతాను. మీరు దిగులు పడి తిండి మానేయకండి. నిన్నటి నుంచి నాకే బిస్కట్టు దిగటం లేదు.

తప్పు చేసిన అన్న,
తెంగ్ కోక్.

తా.క.: మీ కళ్ళజోడు ఎవరు చేశారు? నా డ్రైవరు ముక్కు మీద పడిన కళ్ళు అవేనా?


పారిత్ బుంతార్,
ఏప్రిల్ 12.

కోక్ అన్నకి,

మీ ఉత్తరం చదివి బజార్లో పగలబడి నవ్వాను. అక్టోబరు తర్వాత ఇదే మొదటిసారి. కూరలమ్మే ఆవిడ భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఇంకోటి చేయకండి. దాని ఫోను నా పేరునే ఉండేది. మోటారు సైకిలు నా పేరునే. "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అనేది, నేను పెట్టేదాన్ని, అది వాడుకునేది. ల్యాప్‌టాప్ నా పేరున వస్తే దానికి కొత్తేం కాదు. అక్కడ గుమాస్తా అడిగితే "మా అమ్మది, నేను తీసుకెళ్తాను" అని ఈపాటికి తీసుకుపోయే ఉంటుంది. అందిందని నాణేలు మొదటిసారికే పడ్డాయిగా! అవి అబద్ధం చెప్తే నాణేలనే అడగాలి.

పైగా పంపేవారు స్వీ ఫైక్ అని ఉందన్నారు. అంటే నేను దానికి కొనివ్వనిది అది నాకు కొని పెట్టిందన్నమాట. నన్ను ఇంతకన్నా బాగా ఎవరు తిట్టగలరు? నాకేం తొందర లేదు, నేనొచ్చేదాకా వాడుకోమనండి. వచ్చాక దానితో మిగిలిన దెబ్బలాట పూర్తిచేస్తాను, మీటలు నిజంగా అప్పడాలేనా అని.

మీరు ఊడదీసి పంపిన వార్తలు చేరాయి. కుయె ఆవిరికి పెట్టాక రోజుకొకటి చదువుతున్నాను. నిన్న గేదె దగ్గరికొచ్చాను, రెండు వాయిలు మాడాయి.

బస్సు డ్రైవరు చేతికి గిన్నె ఇచ్చాను. అందులో పోపియాలున్నాయి, పక్కన చుట్టే పద్ధతి రాసి పెట్టాను. పైన చీటీ అంటించాను. అందుకునేవారు మీరే, ఆ ఎంగ్ చేత మూడుసార్లు చదివించాను.

చెల్లెలు,
గైక్ సిమ్.

తా.క.: ఈ కవర్లో ఆ పూయ్‌కి వేరే ఉత్తరం పెట్టలేదు. ఎలాగూ మీరే చదువుతారు. చదివాక దీన్నే మీ పొయ్యిలో వేయండి, దానికీ చేరుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే మాట. వేళకి కూర్చుని, కడుపునిండా తినండి.